ఒక లైను ఆలస్యంగా ఆమేన్

ఆవిడని చర్చిలో అందరూ కొలతలమ్మ అంటారు. అసలు పేరు బాప్తిస్మం రిజిస్టరులో ఉంది. దాన్ని ఎవరూ తెరవరు కనక గొడవ లేదు. వృత్తి దర్జీ పని. మెడలో టేపు లేకుండా బయటికొస్తే ఏదో మరిచిపోయినట్టు దారిలోనే రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంటుంది. ఎదుటిమనిషితో మాట్లాడుతూనే భుజమెంత, నడుమెంత అని కళ్లతో లెక్క కట్టేస్తుంది. ఒకసారి చావుకి పలకరింపుకెళ్లి, ఏడుస్తున్న ఇల్లాలిని పొదివి పట్టుకుని అరగంటసేపు ఓదార్చి, గుమ్మం దాటాక "పాపం, మనిషి ఛాతీ దగ్గర రెండంగుళాలు తగ్గిపోయిందండీ" అని కళ్లు తుడుచుకుంది.

ఆవిడ కొట్టు నాలుగంతస్తుల భవనంలో మెట్ల కింద గది. ఒక కిటికీ, రెండు మిషన్లు. వాటిలో కాలితో తొక్కేదాన్ని నమ్ముతుంది, కరెంటుతో నడిచేదాన్ని నమ్మదు. గుండీలు పాత బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి. గోడకున్న అలమరలో కొలతల పుస్తకాలు, ఏడాదికొకటి చొప్పున, గుడ్డ పీలికలతో కట్టి వరసగా నిలబడి ఉంటాయి. మనుషులు మాట తప్పుతారు, కొలతల పుస్తకం తప్పదు అనేది ఆవిడ సిద్ధాంతం.

సిద్ధాంతాలంటే గుర్తొచ్చింది. బాప్తిస్మం తీసుకోబోయేవాళ్లకి విశ్వాస ప్రమాణం, అంటే దేవుణ్ని గురించి నమ్మేవన్నీ వరసగా వల్లించే పాఠం, నేర్పే బాధ్యత కూడా ఆవిడదే. ప్రతి గురువారం నాలుగింటికి కొట్లోనే పాఠం. గుండుసూదులు నోట్లో పెట్టుకుని మరీ దేవుణ్ని గురించి చెబుతుంది. సృష్టి దగ్గర మొదలెడితే, "గుడ్డ లేకుండా బట్ట కుట్టినవాడు ఆయనొక్కడే. మనకి గుడ్డిచ్చినా వంకరగా కుడతాం" అంటుంది. దేవుడు మనిషిగా పుట్టడం దగ్గరికొచ్చేసరికి మిషను ఆపేస్తుంది. "కుట్టినవాడే దిగొచ్చి ఆ చొక్కా తనే తొడుక్కున్నాడు. చెమట పట్టింది, మాసింది, చివరికి చిరిగి రక్తమైంది. అయినా ఇది నా కొలత కాదు, నాకొద్దు అనలేదు" అంటుంది. ఓసారి అటుగా వెళ్తున్న పాస్టరుగారు ఈ మాట విని కిటికీ దగ్గరే ఆగిపోయి, ఆ వారం ప్రసంగంలో వాడుకున్నారు. ఎవరు చెప్పారో మాత్రం చెప్పలేదు.

త్రిత్వం దగ్గరే కుదరలేదు. "ఒకే గుడ్డ, మూడు మడతలు" అని చెప్పింది. పాస్టరుగారు తల అడ్డంగా ఊపారు. "అది చాలా పాత పొరపాటమ్మా. ఒక్కడే మూడు వేషాలేసినట్టు అవుతుంది. తండ్రి తండ్రే, కుమారుడు కుమారుడే, ఆత్మ ఆత్మే."

"అయితే పైగుడ్డ, లోపలి అస్తరు, దారం అనుకోవచ్చా అండీ?"

"అది ఇంకా పొరపాటు. అప్పుడు ముగ్గురూ తలో ముక్కా అయిపోతారు. దేవుడు ముక్కలు కాడు. ముగ్గురూ పూర్తిగా దేవుడే, దేవుడు మాత్రం ఒక్కడే."

ఆవిడ చాలాసేపు సుద్దముక్క వేళ్ల మధ్య తిప్పి, ఆ ఏడాది పుస్తకంలో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని రాసుకుని, పక్కన "కొలత తీసుకోలేదు" అని రాసింది. పాస్టరుగారు అది చూసి, ఇంతకంటే సరిగ్గా ఎవరూ రాయలేదన్నారు.

ఇక ఆదివారం ఆరాధనలో ప్రమాణం చెప్పించేది కూడా కొలతలమ్మే. ముందుకొచ్చి నిలబడి, గొంతు సవరించుకుని ఆవిడ ఎత్తుకుంటే, నూటపాతిక మంది ఆవిడ వెనకే చెబుతారు. ఆరాధన పుస్తకం ఎవరూ తెరవరు, అందరికీ నోటికొచ్చు. పాస్టరుగారు ఆ రెండు నిమిషాలూ ప్రసంగం కాగితాలు వరసలో పెట్టుకునే పనిలో ఉంటారు. ఆఖర్న అందరూ ఒక్కపెట్టున "ఆమేన్" అంటారు. బెంచీలు కిర్రుమంటాయి, అందరూ కూర్చుంటారు. అప్పుడు గాయకబృందంలోంచి ఒంటరిగా ఇంకో "ఆమేన్" వస్తుంది, బస్సు వెళ్లిపోయాక స్టాపుకి పరిగెత్తుకొచ్చిన మనిషిలాగా.

ఆ ఆలస్యపు ఆమేన్ కొలతలమ్మ ఆడపడుచుది. పళ్ల డాక్టరు దగ్గర నర్సు. అందరి నోళ్లూ తెరిపించి, వాళ్లని మాట్లాడనివ్వకుండా తను మాట్లాడే ఉద్యోగం. అంత చురుకైన మనిషికి ఒక్క ఆమేన్ దగ్గర మాత్రం ఎందుకు నత్తనడకో ఎవరికీ అర్థం కాలేదు. గాయకబృందం పెద్ద రెండుసార్లు మందలించాడు కూడా. ఆమె నవ్వి ఊరుకుంది. "ఆమేన్‌కి కూడా ఒక చెయ్యి పొడుగే" అని కొలతలమ్మ పళ్ల సందున అనేది.

ఆ ఎత్తిపొడుపు వెనక ఆరేళ్ల కథ ఉంది.

వదినా ఆడపడుచులిద్దరికీ వయసులో ఆర్నెల్లే తేడా. ఎవరు పెద్దో తేల్చుకోవడం ఇష్టంలేక ఒకరినొకరు వదినా అనే పిలుచుకునేవారు. అదే భవనంలో ఆడపడుచు మూడో అంతస్తు, కొలతలమ్మ కాపురం మొదటి అంతస్తు. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నంత దగ్గర. అలాంటిది, గాయకబృందానికి పన్నెండు కొత్త అంగీలు కుట్టే పని కొలతలమ్మకొచ్చింది. పదకొండు దేవదూతలకి తొడగొచ్చు అన్నంత బాగా కుదిరాయి. పన్నెండోది ఆడపడుచుది. తొలిసారి తొడుక్కున్న ఆదివారం, పాట పై స్వరానికి వెళ్లినప్పుడు ఆమె అలవాటు ప్రకారం రెండు చేతులూ పైకెత్తింది. కుడిచేతి అంచు మణికట్టు దగ్గర ఆగింది. ఎడమచేతిది మోచేతివైపు బయల్దేరింది. ముందు బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర ఆడపడుచు నవ్వుతూనే అంది, "ఏం వదినా, నీ టేపుకి ఒకపక్క నత్తుందా?"

చుట్టూ ఇరవైమంది ఉన్నారు. దర్జీకి దానికంటే అవమానం లేదు. కొలతలమ్మ నోరు బుర్రకంటే ముందు పరిగెత్తింది. "నా టేపుకేం, లక్షణంగా ఉంది. నీ చేతులే ఒకటి పొడుగూ ఒకటి పొట్టీ. దేవుడు కత్తిరించినదానికి నేనేం చేసేది?"

ఇరవైమందీ ఆడపడుచు చేతులవంక చూశారు. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. ఆ రోజు నించి పాడేటప్పుడు చేతులెత్తడం మానేసింది. పొడుగు చేతి అంచు మడిచి, లోపల పిన్నీసు పెట్టుకుని, అదే అంగీతో ఆరేళ్లుగా పాడుతోంది.

ఆ మరుసటి ఆదివారం కొలతలమ్మ ప్రమాణం చెప్పిస్తూ పరిశుద్ధుల సహవాసం దాకా వచ్చింది. తరవాతది పాపక్షమాపణను నమ్ముతున్నాననే మాట. సరిగ్గా అప్పుడే ఎదురుగా ఆ మడిచిన చేతి అంచు కళ్లబడింది. గొంతులో గుండుసూది అడ్డం పడ్డట్టయింది. ఆ ఒక్క లైనూ మింగేసి, శరీర పునరుత్థానం మీదికి గెంతేసింది. మంద ఒక్క క్షణం తడబడి, ఆవిడ వెనకే గెంతింది. ఈ ఒక్క వారమే అనుకుంది. మళ్లీ వారమూ అదే అనుకుంది. మూడు నెలలు తిరిగేసరికి అందరి నాలుకలూ ఆ దారికి అలవాటుపడిపోయాయి. ఆరేళ్లుగా సంఘమంతా పాపక్షమాపణ ఊసే లేకుండా నేరుగా పునరుత్థానానికి వెళ్లిపోతోంది.

వదినా ఆడపడుచుల మధ్య మాటల్లేవు. కబుర్లు మోసేది కొలతలమ్మ భర్త. ఆయన లిఫ్టు మెకానిక్కు. "మీ చెల్లెలితో చెప్పండి, నీళ్లు ఆపేస్తారట" అని ఈవిడంటే పైకెళ్తాడు. "మీ ఆవిడతో చెప్పన్నయ్యా, మాకు తెలుసని" అని ఆమె అంటే కిందికొస్తాడు. పైకీ కిందికీ తిరగడమే గాని, ఎటువైపూ జరగని మనిషి.

ఇదంతా ఇలాగే సాగిపోయేది, డ్రైవింగు స్కూలు మాస్టారు రాకపోతే.

మాస్టారు పాతికేళ్లుగా పక్క సీట్లో కూర్చుని, తన కాలికింద ఇంకో బ్రేకు పెట్టుకుని బతుకుతున్న మనిషి. ఎవరినీ అంత తేలిగ్గా నమ్మరు. అలాంటాయన యాభై దాటాక బాప్తిస్మం తీసుకుంటానని వచ్చారు. ఆదివారమే ముహూర్తం. ముందు నిలబడి ప్రమాణమంతా ఒక్కరే చెప్పాలి. గురువారం నాలుగింటికి ఆఖరి పాఠం. మాస్టారు ఆరాధన పుస్తకం తెరిచి, వేలు పెట్టి అడిగారు.

"అమ్మా, చిన్న డౌటు. మీరు చెప్పించినదానికంటే పుస్తకంలో ఒక లైను ఎక్కువుంది."

కొలతలమ్మ నోట్లో నాలుగు గుండుసూదులున్నాయి. "ఊఁ?" అంది.

"పరిశుద్ధుల సహవాసం అయ్యాక, పునరుత్థానానికి ముందు. పాపక్షమాపణ అనుంది. మీరక్కడ ఆగట్లేదు. ఎర్ర లైటు పడ్డా వెళ్లిపోతున్నారు. ఆదివారం నన్నేది చెప్పమంటారు?"

గుండుసూదులు ఒక్కోటీ తీసి డబ్బాలో వేసేంతసేపు టైము దొరికింది. ఆ టైములో నిజం చెప్పొచ్చు. కానీ నిజం చెబితే ఆరేళ్ల కథంతా లాగాలి. దారం కొస దొరికితే కుట్టంతా ఊడుతుందని దర్జీకి తెలియనిది కాదు.

"అచ్చుతప్పు మాస్టారూ" అంది.

"అచ్చుతప్పా!"

"అవునండీ. ప్రెస్సువాళ్లు చూసుకోలేదు."

మాస్టారు పుస్తకం మూసి, దండం పెట్టి వెళ్లిపోయారు. కొలతలమ్మ ఆ సాయంత్రం ఒక చొక్కాకి కాజాలు ఎడమవైపుకి బదులు కుడివైపు కుట్టింది.

శుక్రవారం పొద్దున్నే మాస్టారు మళ్లీ ప్రత్యక్షం. చెవి వెనక పెన్సిలుంది, చేతిలో అడుగు స్కేలుంది, ముఖంలో పని పూర్తిచేసిన సంతోషముంది.

"అయిపోయిందమ్మా! చర్చికెళ్లి అన్ని పుస్తకాల్లోనూ కొట్టేశాను. నలభై రెండు. స్కేలు పెట్టి మరీ, నీటుగా."

కొలతలమ్మకి కాళ్లకింద పెడలు ఆగిపోయింది. "ఏం కొట్టేశారు?"

"అదే, ఆ అచ్చుతప్పు లైను. నాలాగే కొత్తవాళ్లెవరైనా తికమకపడతారు కదా. తప్పు రోడ్డు బోర్డు చూస్తే నేను ఊరుకోలేను. ఆదివారం పాస్టరుగారితో కూడా చెబుతాను, ప్రెస్సుకి ఉత్తరం రాయమని."

"పెన్నుతోనా?"

"పెన్సిలేనమ్మా. మా దగ్గర ఏ ఫారమైనా ముందు పెన్సిలే." మాస్టారు వెళ్లబోయి, గుమ్మం దగ్గర ఆగారు. "ఒక్కటి మాత్రం చెప్పాలి. నవ్వకండి. నేనసలు ఆ లైను చూసే ఇక్కడికొచ్చాను. పాతికేళ్లు పక్క సీట్లో కూర్చుని ఎంతమందిని తిట్టానో, ఎంతమందిని ఏడిపించానో. ఒకమ్మాయైతే బండి నడిరోడ్డుమీద ఆపేసి దిగి నడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆ లైను లేకపోతే, అదేంటంటే, రివర్సు గేరు లేని బండిలా అనిపించింది. అచ్చుతప్పన్నారు కదాని కొంచెం దిగులేసింది. అయినా ఫర్లేదు లెండి. మిగతావన్నీ బాగున్నాయి."

ఆయన వెళ్లాక కొలతలమ్మ మళ్లీ పెడలు తొక్కలేదు.

మధ్యాహ్నం భర్త భోజనానికొచ్చాడు. ఆవిడ మొత్తం చెప్పేసింది. ఆయన కంచం వంక చూస్తూ విని, "లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగితే ఏం చేస్తామో తెలుసా?" అన్నాడు.

"ఏం చేస్తారు?"

"లోపలివాళ్లని అరవకండి అంటాం. అరిస్తే లిఫ్టు కదలదు. ఎవరో ఒకళ్లు దగ్గరికెళ్లి చేత్తో తలుపు తియ్యాల్సిందే." అని, "ఇంకొంచెం అన్నం పెట్టు" అన్నాడు. పాతికేళ్ల కాపురంలో ఆయన ఇచ్చిన సలహా అదొక్కటే.

కొలతలమ్మ కొట్లోకొచ్చి అలమరలోంచి ఆరేళ్ల కిందటి పుస్తకం తీసింది. పీలిక ముడి విప్పక్కర్లేకుండానే లోపలేముందో ఆవిడకి తెలుసు. మెట్ల దగ్గర ఆ మాటన్న రోజే కొట్టుకొచ్చి చూసుకుంది. అంగీ, గాయకబృందం, వదిన: కుడిచెయ్యి ఇరవై రెండు, ఎడమచెయ్యి ఇరవై రెండు. తన రాతే. కొలత సరిగ్గానే తీసింది. సుద్దగీత తప్పు గీసింది. తప్పు తనదని ఆ సాయంత్రమే తెలుసు. ఇన్నాళ్లూ ఆడపడుచుని క్షమించలేకే ఆ లైను గొంతు దిగట్లేదని తనకి తనే చెప్పుకుంటూ వచ్చింది. క్షమించడానికి అవతల తప్పేదీ? ఇదేదో నిందని తిరగేసి తొడుక్కున్నట్టుంది.

శనివారం మధ్యాహ్నం రబ్బరు ముక్కొకటి కొనుక్కుని, ఆ పుస్తకం సంచీలో వేసుకుని చర్చికెళ్లింది. బెంచీమీద పుస్తకాలు పేర్చుకుని చెరపడం మొదలెట్టింది. మాస్టారు గీతలు ఎంత తిన్నగా ఉన్నాయంటే, చెరపడానికి మనసొప్పలేదు. పదిహేడో పుస్తకం చేతిలో ఉండగా తలుపు తెరుచుకుంది. పాటల సాధనకి కాగితాలు సర్దుకోవడానికి ఆడపడుచు ముందుగా వచ్చింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కబురు మొయ్యడానికి మధ్యలో మనిషి లేడు.

ఆడపడుచు దగ్గరికొచ్చి, ఒడినిండా రబ్బరు పొట్టు చూసింది. "ఏంటి వదినా, పుస్తకాలకి కూడా ఆల్టరేషన్లు మొదలెట్టావా?"

ఆరేళ్ల తరవాత తొలి మాట. కొలతలమ్మకి నవ్వు రావాల్సింది, ఏడుపొచ్చింది. సంచీలోంచి పుస్తకం తీసి, పేజీ తెరిచి చేతికిచ్చింది.

"చదువు."

ఆడపడుచు చదివింది. మళ్లీ చదివింది.

"రెండూ ఒకటే వదినా. నీ చేతులు లక్షణంగా ఉన్నాయి. గీత నేనే తప్పు గీశాను. ఆ రోజే తెలిసింది. నలుగురిలో ఒప్పుకోలేక దేవుడిమీదికి తోసేశాను. తప్పు నాది."

ఆడపడుచు తన చేతులవంక చూసుకుంది. తరవాత మెల్లిగా అంది, "స్నానాల గదిలో అద్దం ముందు చేతులు రెండూ చాపి చూసుకునేదాన్ని తెలుసా? ఒక్కోరోజు నిజంగానే పొడుగనిపించేది. క్లినిక్కులో గ్లవ్సు తొడుక్కునేటప్పుడు కూడా చూసుకునేదాన్ని."

"కొట్టు వదినా. ఓ దెబ్బ వేసెయ్యి."

"నాకింకా కోపంగానే ఉంది, చెబుతున్నా. ఇవాళ తెలిసింది కదాని ఇవాళే పోదు."

"ఉండనీ."

"ఇలా ఇయ్యి." ఆడపడుచు రబ్బరు అందుకుని, పంటితో రెండు ముక్కలు చేసి, ఒకటి తను తీసుకుంది. పక్కనే కూర్చుని ఒక పుస్తకం తెరిచింది. "ఇంతకీ ఈ లైను ఎవరు కొట్టేశారు?"

కొలతలమ్మ మాస్టారి సంగతి చెప్పింది. ఆడపడుచు నవ్వాపుకోలేక బెంచీ పట్టుకుంది. "అచ్చుతప్పని చెప్పావా! పాపక్షమాపణ అచ్చుతప్పా! నువ్వు మామూలుదానివి కాదు వదినా."

"నవ్వకే. అయినా నేనది మింగేస్తున్నానని ఎవరూ కనిపెట్టలేదు. ఆరేళ్లు!"

ఆడపడుచు చెరపడం ఆపింది. "నేను కనిపెట్టలేదా? మొదటి వారమే పట్టేశాను. మీరందరూ దాటేసి వెళ్లిపోయేవారు. నేను అక్కడే ఆగి ఆ లైను చెప్పుకుని, ఆ తరవాత మిగతాది అందుకునేదాన్ని. మొదట్లో నీమీద కచ్చతోనే చెప్పాను, వదిన చెప్పకపోతే నాకేం అని. రాన్రాను నీ తరఫున కూడా చెప్పడం అలవాటైపోయింది."

కొలతలమ్మ చేతిలో రబ్బరు ఆగిపోయింది. "అందుకనా..."

"మరి ఆమేన్ ఆలస్యం కాక ఏమవుతుంది? మందలింపులు నాకూ, వెక్కిరింపులు నాకూ. ఆమేన్‌కి ఒక చెయ్యి పొడుగన్నావట. అన్నయ్య మోసుకొచ్చాడులే."

కొలతలమ్మ తల వంచుకుంది. "నేనెలా చెప్పను వదినా ఆ మాట? ఇంత చేసి, ఏ మొహంతో?"

"నువ్వు బాగు చేసుకున్నాక ఇస్తారని లేదు కదా అందులో. నమ్ముతున్నాను అనుంది. ఊరికే ఇచ్చేదాన్ని పుచ్చుకోవడానికి కూడా టేపు తీస్తావా? చెరుపు, ఇంకా పదహారున్నాయి."

ఆ సాయంత్రం కొలతలమ్మ డ్రైవింగు స్కూలుకి నడుచుకుంటూ వెళ్లింది. "మాస్టారూ, అచ్చుతప్పు కాదు. తప్పు నాది" అని మొదలెట్టి అంతా చెప్పింది. మాస్టారు ఆశ్చర్యపోవడం మానేసి గుండెమీద చెయ్యేసుకుని, "అయితే లైనుందన్నమాట!" అన్నారు. ఆవిడమీద కోపగించుకోవడానికి ఆయనకి తీరికే లేదు.

ఆదివారం ఆరాధనకి ముందు పాస్టరుగారికి చెబితే ఆయన నిలబడినచోటే కూర్చున్నారు. "ఆరేళ్లా? నేనెక్కడున్నానమ్మా?"

"ప్రసంగంలో మూడో పేజీ వెతుక్కుంటున్నారండీ" అంది కొలతలమ్మ.

ప్రమాణం చెప్పాల్సిన సమయానికి ఆవిడ ముందుకొచ్చి నిలబడింది. మెడలో టేపు లేదు. "ఆరేళ్ల కిందట గాయకబృందం అంగీ ఒకటి నేను తప్పు కత్తిరించాను. చేతులు ఒకటి పొడుగూ ఒకటి పొట్టీ అని మా వదినమీద నింద వేశాను. ఆ సిగ్గుతో పాపక్షమాపణ లైను మింగేసి, మీ అందరిచేతా మింగించాను. నన్ను క్షమించండి. ఇవాళ నించి మొత్తం చెబుదాం" అంది.  ఎవరూ కిసుక్కుమనలేదు.

ముందు మాస్టారు ఒక్కరే చెప్పారు. ఆ లైను దగ్గరికొచ్చేసరికి వేగం తగ్గించి, అటూ ఇటూ చూసి, స్పష్టంగా, ఒక్కో మాటా ఆపి చెప్పారు. నీళ్లలో మునిగి లేచాక ఆయన ముఖం చూసినవాళ్లు, పక్క సీటు బ్రేకు మీంచి ఆ కాలు తొలిసారి తీసినట్టుందన్నారు.

తరవాత సంఘమంతా కలిసి చెప్పాలి. కొలతలమ్మ ఎత్తుకుంది. పరిశుద్ధుల సహవాసం దాకా అంతా సాఫీ. అక్కడ ఆవిడా, ఆడపడుచూ, మాస్టారూ, పాస్టరుగారూ పాపక్షమాపణ దగ్గర ఆగారు. సగంమంది ఆరేళ్ల అలవాటు కొద్దీ పునరుత్థానంలోకి దూకేశారు. దూకినవాళ్లు నాలుక కరుచుకుని వెనక్కొచ్చారు. వెనక్కొచ్చేసరికి మిగతావాళ్లు ముందుకెళ్లిపోయారు. నిత్యజీవం నాలుగు విడతలుగా వచ్చింది. ఆమేన్‌లు తెగిన గొలుసు పూసల్లా రాలాయి. అన్నిటికంటే ముందు, సరిగ్గా టైముకి వినపడింది ఆడపడుచుది. ఆమె గాయకబృందంలోంచి అందరివంకా గర్వంగా చూసి, బెంచీలు కిర్రుమనకముందే కూర్చుంది.

సోమవారం ఆడపడుచు అంగీ పట్టుకుని మెట్ల కింద కొట్లోకొచ్చింది. "విప్పి కుట్టు. పాత కొలతలు నేను నమ్మను. మళ్లీ తియ్యి" అని రెండు చేతులూ చాపింది.

కొలతలమ్మ భుజం దగ్గర టేపు పెట్టి మణికట్టు దాకా లాగింది. ఎడమచెయ్యి ఇరవై రెండు. కుడిచెయ్యి తీసింది. మళ్లీ తీసింది. ఇరవై రెండుంపావు.

"ఏంటి వదినా, ఆగావు?"

"ఏం లేదు. కదలకు."

ఆరేళ్ల కిందటైతే ఈ పావు అంగుళం పట్టుకుని వీధిలోకి పరిగెత్తేది. ఇప్పుడు పుస్తకంలో ఆ రెండు గళ్లూ ఖాళీగా వదిలేసి, ఏ చేతికి ఆ చెయ్యి విడిగా గీత గీసి, కత్తిరించి, కుట్టి తొడిగింది. ఆడపడుచు అద్దం ముందు రెండు చేతులూ పైకెత్తింది. రెండు అంచులూ మణికట్టు దగ్గరే ఆగాయి. "చూశావా, సమానమే" అంది సంబరంగా. కొలతలమ్మ తలూపింది.

ఆమె మెట్లెక్కి వెళ్లిపోయాక, కొలతలమ్మ గుమ్మం కర్టెను లాగి, తన చేతులు తనే కొలుచుకుంది. అరంగుళం తేడా వచ్చింది. టేపు చుట్టి గుండీల డబ్బాలో పడేసింది. ఆ సంగతి భర్తతో కూడా చెప్పలేదు. చెబితే ఆయన మూడో అంతస్తుకి మోసుకెళ్తాడు.